మిశ్రమ సాల్వెంట్ డ్రమ్ముకు రిలీఫ్ వాల్వు: డేటాషీటులో ఏ గుప్తోష్ణం రాయాలి?

రణస్థలం_రీబాయిలర్
పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో సాల్వెంట్ రికవరీ చూస్తాను. ఫీడ్ డ్రమ్ము మీదున్న పాత రిలీఫ్ వాల్వు (లోపల పీడనం మితిమీరితే తెరుచుకుని బయటికి వదిలేది) మార్చాలి. అది కూర్చునే నాజిల్, అంటే డ్రమ్ముకున్న గొట్టపు మూతి, మూడు అంగుళాలు. అడ్డంగా పడుకునే డ్రమ్ము, వ్యాసం 2 మీటర్లు, పొడవు 5 మీటర్లు, సెట్ ప్రెషర్, అంటే వాల్వు తెరుచుకునే పీడనం, 5 బార్ గేజి (వాతావరణ పీడనం కలపకుండా). లోపల హెక్సేన్, టోలీన్ కలిసిన సాల్వెంట్, దాంతోపాటు కాస్త మడ్డి. పాళ్లు స్థిరంగా ఉండవు. ఒక బ్యాచ్‌లో హెక్సేన్ ముప్పావు వంతు ఉంటే, మరో బ్యాచ్‌లో టోలీనే ఎక్కువ.

వాల్వు అమ్మేవారు పంపిన డేటాషీటులో అణుభారం, గుప్తోష్ణం (కిలో ద్రవాన్ని ఆవిరి చేసే వేడి), సీపీ బై సీవీ (ఆవిరి రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి), జెడ్ (ఆవిరి ఆదర్శవాయువు నుంచి ఎంత తప్పుకుందో చెప్పే అంకె) అని గళ్లున్నాయి. మా సీనియర్ సగటు వేసి పంపేయమంటున్నారు. దేని సగటు వేయాలి? మోల్ శాతంతోనా, బరువు శాతంతోనా? అసలు వాల్వు తెరుచుకునే సమయానికి లోపల ఆ పాళ్లే ఉంటాయా? అడిగితే "ఇంతకాలం అలాగే పంపాం" అన్నారు.

బొబ్బిలి_బెలోస్
పాత వాల్వు మీద నేమ్‌ప్లేటు ఉంటుంది. అదే సైజు కొనేయండి. అయిదు నిమిషాల పని.

రణస్థలం_రీబాయిలర్
నేమ్‌ప్లేటు మీద రంగు కొట్టేశారు. గీకి చూస్తే రంధ్రం సైజు చెప్పే అక్షరం హెచ్ అని కనిపించింది. దాని లెక్క కాగితం ఎవరి దగ్గరా లేదు.

నాగావళి_గట్టు
అణుభారం దగ్గర మొదలుపెట్టకు తమ్ముడూ. ముందు ఏ ప్రమాదానికి ఆ వాల్వు పెడుతున్నావో తేల్చు. డ్రమ్ము అతిగా నిండితే వాల్వు గుండా వెళ్లేది ద్రవం. కింద మంట అంటుకుంటే ఆవిరి. లోపల స్టీము కాయిల్ ఉండి అది పగిలితే నీటి ఆవిరి, దానితోపాటు ఎగిసిన సాల్వెంట్. మూడింటికీ మూడు వేర్వేరు లెక్కలు, వాటిలో పెద్దది గెలుస్తుంది. ఏ సందర్భాలు చూడాలో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ఏపీఐ 521లో ఉంటుంది, ఎంత రంధ్రం కావాలో ఏపీఐ 520లో ఉంటుంది, ఆ రంధ్రాల అక్షరాలు ఏపీఐ 526లో ఉంటాయి. చాలామంది మొదటి పుస్తకం తెరవకుండానే రెండో దానిలోకి దూకుతారు.

రణస్థలం_రీబాయిలర్
స్టీము కాయిల్ లేదు. నింపే పంపు డిశ్చార్జి మూసేసినా 4 బార్ దాటదు. నత్రజని లైను 3 బార్. కాబట్టి మంటే మిగిలింది. మామూలుగా మట్టం డ్రమ్ము ఎత్తులో 75 శాతం దాటనివ్వము. తడిసే ఉపరితలం 28 చదరపు మీటర్లు వచ్చింది, రెండు వైపులా మూతలు కలిపి.

చీపురుపల్లి_చాటర్
మంట కేసు అయితే ఇంత చర్చ దేనికి? గుప్తోష్ణం తెలియనప్పుడు కిలోకి 115 కిలోజౌళ్లు పెట్టమని ప్రమాణంలోనే ఉంది. అది అతి తక్కువ విలువ, దానితో ఆవిరి అతి ఎక్కువగా వస్తుంది. భద్రత వైపే ఉంటాం. మిశ్రమం ఎలా మారినా మనకు బాధ లేదు.

నాగావళి_గట్టు
చీపురుపల్లి గారూ, ఆ 115 క్రిటికల్ పాయింట్ (ద్రవానికీ ఆవిరికీ తేడా చెరిగిపోయే స్థితి) దగ్గర పడిన ద్రవాలకు చెప్పిన విలువ. అక్కడ గుప్తోష్ణం సున్నా వైపు జారిపోతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. హెక్సేన్ క్రిటికల్ పీడనం సుమారు 30 బార్. వీరి డ్రమ్ము మంటలో విడుదల చేసేది 7 బార్ దగ్గర. అంకెలు వేసి చూద్దాం, అప్పుడు మాట్లాడుకుందాం.

మంట కేసులో సెట్ ప్రెషర్ మీద 21 శాతం దాకా పెరగనిస్తారు. 5 బార్ గేజికి 6.05 అవుతుంది, వాతావరణ పీడనం కలిపితే 7.06 బార్. డ్రమ్ము కింద కారినది పారిపోయే ఏర్పాటు, మంటలార్పే ఏర్పాటు రెండూ ఉంటే లోపలికి పోయే వేడి 43,200 ఇంటూ తడిసిన వైశాల్యం 0.82 ఘాతం, వాట్లలో. 28 చదరపు మీటర్లకు సుమారు 664 కిలోవాట్లు. డ్రమ్ముకు చుట్టుకట్టు (వేడి ఆపే ఇన్సులేషన్) లేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు మొత్తం హెక్సేనే అనుకో. ఆ పీడనంలో అది 147 డిగ్రీల దగ్గర మరుగుతుంది, గుప్తోష్ణం కిలోకి సుమారు 263 కిలోజౌళ్లు. మామూలు మరుగు బిందువు దగ్గర ఉండే 335 ఇక్కడ పనికిరాదు, చాలామంది పుస్తకం వెనక పట్టికలోంచి ఎత్తేది అదే. గంటకు 9,090 కిలోల ఆవిరి. జెడ్ 0.85, సీపీ బై సీవీ 1.05 పెడితే 1,102 చదరపు మిల్లీమీటర్లు కావాలి.

మొత్తం టోలీనే అనుకో. 197 డిగ్రీలు, గుప్తోష్ణం 294. గంటకు 8,130 కిలోలు. రంధ్రం 1,008.

ప్రమాణం అక్షరాల్లో జే ఓరిఫీస్ (రంధ్రం) 830, కే ఓరిఫీస్ 1,186 చదరపు మిల్లీమీటర్లు. రెండు కొసలూ కే లోనే పడ్డాయి. మీ హెచ్ 506 మాత్రమే, కాబట్టి బొబ్బిలి గారి అయిదు నిమిషాల పని దగ్గర ఆగిపోతే సగం వాల్వు కొన్నట్టే.

చీపురుపల్లి గారి 115 పెడితే గంటకు దాదాపు 20,800 కిలోలు, 2,520 చదరపు మిల్లీమీటర్లు. ఎల్ దాటి, ఎమ్ దాటి, ఎన్ ఓరిఫీస్‌లో పడతాం. మూడు అంగుళాల నాజిల్ మీద నాలుగు అంగుళాల వాల్వు ఎలా కూర్చోబెడతారు?

బొబ్బిలి_బెలోస్
సరే, నేమ్‌ప్లేటు సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మా ఊరి వీణ తీగ కూడా ఎవరో ఒకరు సరిచూశాకే మోగుతుంది లెండి.

చీపురుపల్లి_చాటర్
నాజిల్ మార్చుకోవచ్చు. ప్రాణాలు మార్చుకోలేం. పెద్ద వాల్వు వల్ల నష్టం ఏమిటో ఎవరైనా చెప్పండి.

తోటపల్లి_ఫ్లాష్
మీ పేరులోనే జవాబుంది గురువుగారూ: చాటర్, అంటే వాల్వు టపటపా కొట్టుకోవడం. పెద్ద వాల్వు చిన్న ప్రవాహానికి తెరుచుకుంటే, తెరిచిన మరుక్షణం కింద పీడనం పడిపోయి మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకుంటుంది. సీటు దెబ్బతింటుంది. హెడర్ (వాల్వులన్నీ ఊదే ఉమ్మడి గొట్టం) ఉంటే దాని సపోర్టులు వదులవుతాయి.

చీపురుపల్లి_చాటర్
అది మంట కేసులో ఎంతవరకు నిజం? మంట మొదట్లో చిన్నదే, తర్వాత పెద్దది. ఏ సైజు వాల్వైనా మొదట్లో చిన్న ప్రవాహానికే తెరుచుకుంటుంది. పెద్ద వాల్వు మాత్రమే కొట్టుకుంటుందనడం అన్యాయం.

నాగావళి_గట్టు
ఆ మాటలో సగం నిజం ఉంది. కానీ రెండున్నర రెట్లు పెద్దదైతే ఎప్పటికీ పూర్తిగా తెరుచుకునే పరిస్థితే రాదు. నేను అభ్యంతరం చెప్పేది వేరే దానికి. 115 పెట్టేవారు మిశ్రమం గురించి ఆలోచించడం అక్కడితో ఆపేస్తారు.

తోటపల్లి_ఫ్లాష్
ఆలోచించవలసినది ఇక్కడ మొదలవుతుంది మరి. సగటు వేసేటప్పుడు ద్రవం పాళ్లు తీసుకుంటారు. వాల్వు గుండా పోయేది ఆవిరి. హెక్సేన్, టోలీన్ చెరిసగం ఉన్న ద్రవం మీద తేలే ఆవిరిలో హెక్సేన్ పాలు చాలా ఎక్కువ. కాబట్టి అణుభారం అడిగితే ద్రవానిది కాకుండా, విడుదల పీడనంలో బబుల్ పాయింట్ (మొదటి బుడగ లేచే ఉష్ణోగ్రత) దగ్గర వేసిన ఫ్లాష్‌లో (ద్రవం, ఆవిరి పాళ్లు తేల్చే లెక్కలో) వచ్చే ఆవిరిది ఇవ్వాలి.

రెండోది. హెక్సేన్ ముందు ఎగిరిపోతుంటే మిగిలినది టోలీన్ వైపు జరుగుతుంది. బబుల్ పాయింట్ మెల్లగా పైకి పాకుతుంది. అంటే మంటనుంచి వచ్చే వేడిలో కొంత ఆ మిగిలిన ద్రవాన్ని వేడెక్కించడానికే ఖర్చవుతుంది, ఆవిరి చేయడానికి కాదు. దాన్ని కూడా కలిపి, మొత్తం వేడిని పుట్టిన ఆవిరితో భాగిస్తే వచ్చేదే వాడవలసిన విలువ. అది ఆ ఆవిరి గుప్తోష్ణం ఒక్కదాని కన్నా ఎక్కువే ఉంటుంది, మనకు మంచిదే.

నేను చేసే పద్ధతి ఇది: విడుదల పీడనంలో ద్రవాన్ని అయిదేసి శాతం చొప్పున ఆవిరి చేస్తూ, ప్రతి మెట్టు దగ్గర ఆవిరిని తీసి పక్కన పెట్టి, మిగిలిన దానికి మళ్లీ ఫ్లాష్ వేస్తాను. ప్రతి మెట్టులో ప్రవాహం ఇంటూ వర్గమూలం టీ జెడ్ బై ఎమ్ (టీ ఉష్ణోగ్రత, ఎమ్ అణుభారం) ఎంతో రాస్తాను. అందులో పెద్దదే వాల్వు సైజు. గంటకు కిలోలు ఎక్కడ ఎక్కువో చూసి ఆగిపోతే పొరపాటు, ఎందుకంటే తర్వాత మెట్లలో కిలోలు తగ్గినా వేడెక్కిన ఆవిరి ఎక్కువ చోటు అడగవచ్చు.

రణస్థలం_రీబాయిలర్
మా దగ్గర రెండు కొసలూ కే లోనే పడ్డాయి కదా. మధ్యలో ఏ మిశ్రమమైనా కే కదా? ఈ మెట్లన్నీ ఎక్కాలా?

తోటపల్లి_ఫ్లాష్
మీకు అక్కర్లేదు. హెక్సేన్, టోలీన్ అణుభారాలు 86, 92, దగ్గర చుట్టాలు. మీ సీనియర్ సగటు వేసినా అదే అక్షరం వచ్చేది. అది పద్ధతి గొప్పతనం కాదు, మీ సాల్వెంట్ల మంచితనం. అదే డ్రమ్ములో ఒక కొస బ్యూటేన్, మరో కొస డీజిల్ ఉంటే సగటు అనేది ఎక్కడా లేని పదార్థం. బ్యూటేన్ కరిగి ఉన్న డ్రమ్ము పెద్దగా వేడెక్కకముందే వాల్వు తెరుచుకుంటుంది, డీజిల్ మిగిలేసరికి ఉక్కు విపరీతంగా వేడెక్కుతుంది.

వేడివేడి_వెంట్
మా నాఫ్తా (పెట్రోలు లాంటి తేలిక నూనె) డ్రమ్ముకు ఇదే గొడవ వచ్చింది, విశాఖ వైపు ఒక యూనిట్‌లో. ప్రయోగశాల ఇచ్చిన బాయిలింగ్ రేంజ్ కాగితంలో తేలిక భాగం కనిపించలేదు, నమూనా సీసాలో పట్టేటప్పుడే అది ఎగిరిపోయింది. లెక్క వేసినవారు కాగితాన్ని నమ్మారు. పీడనంలో పట్టే సిలిండరుతో నమూనా తీశాక అణుభారం కిందికి, విడుదల ఉష్ణోగ్రత కిందికి దిగాయి. ఒక అక్షరం పెరిగింది. ఫ్లాష్ లెక్క ఎంత బాగా వేసినా లోపలికి పోసే పాళ్లు తప్పయితే ప్రయోజనం లేదు.

అరసవల్లి_ఎండ
ఆ సిలిండరు మోసుకొచ్చిన కుర్రవాడికి ఎవరూ ధన్యవాదాలు చెప్పి ఉండరు.

రణస్థలం_రీబాయిలర్
సీపీ బై సీవీ గడిలో సిమ్యులేటర్ ఇచ్చిన 1.2 రాయనా?

నాగావళి_గట్టు
విడుదల పీడనంలో అది ఇచ్చే నిజవాయువు విలువ వద్దు. సూత్రం ఆదర్శవాయువు సీపీ బై సీవీ మీద కట్టింది. నిజవాయువు విలువ అక్కడ పెరుగుతుంది, అది పెడితే రంధ్రం చిన్నదిగా తేలుతుంది, అంటే తప్పు వైపుకు జారతాం. మీ పదార్థాలకు 1.05 చుట్టుపక్కల చాలు. 1.0 నుంచి 1.1 దాకా ఏది పెట్టినా తేడా నాలుగు శాతం లోపే, దానికోసం నిద్ర చెడగొట్టుకోకు. జెడ్ మాత్రం చూసుకో. బద్ధకించి 1 పెడితే హెక్సేన్ లెక్క 1,195 అవుతుంది, కే ఓరిఫీస్ 1,186 దాటి ఎల్ వస్తుంది. జెడ్ 0.8 కన్నా కిందికి పోతే ఈ సూత్రాన్నే పక్కన పెట్టి, నాజిల్ గుండా మెట్టుమెట్టుగా విస్తరణ లెక్క వేయాలి.

చీపురుపల్లి_చాటర్
ఒమేగా పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదే?

తోటపల్లి_ఫ్లాష్
అది వాల్వు గుండా ద్రవం, ఆవిరి రెండు దశలూ కలిసి పోయేటప్పుడు. ఇన్లెట్ పీడనంలో ఒకసారి, అందులో 90 శాతం దగ్గర మరోసారి ఫ్లాష్ వేసి, ఘనపరిమాణం ఎంత ఉబ్బిందో చూసి అంచనా కట్టడం. మిశ్రమంలో తేలిక, బరువు భాగాల మరుగు బిందువుల మధ్య 83 డిగ్రీల కన్నా ఎక్కువ ఎడం ఉంటే ఒకే బిందువు మీద కట్టిన రూపం వాడవద్దంటారు, ఈ రెండు ఫ్లాష్‌ల రూపమే వాడాలి. హెక్సేన్ 69, టోలీన్ 111, ఎడం 42. ఆ మడ్డి ఎంత దూరం పోతుందో రణస్థలం గారికే తెలియాలి. మంటలో మీ డ్రమ్ము పైన పావు ఎత్తు ఖాళీ, నురగ పట్టని ద్రవం. ఆవిరిగానే తీసుకుంటే సరిపోతుంది. మడ్డి వల్ల నురగ కడుతుందా?

రణస్థలం_రీబాయిలర్
కట్టదు. కానీ మడ్డి అంటుకుంటుంది. పాత వాల్వు సీటు మీద జిగురు పట్టి ఉందని మెయింటెనెన్స్ వారు చూపించారు. వాల్వు కింద రప్చర్ డిస్కు (పీడనం హద్దు దాటితే పగిలిపోయే పలుచని రేకు) పెడదామంటున్నారు.

నాగావళి_గట్టు
అలాంటిది చివర్లో చెబుతావా! డిస్కు, వాల్వు జోడీని పరీక్షించి సర్టిఫై చేసిన విలువ లేకపోతే సామర్థ్యాన్ని 0.9 తో గుణించాలి. 1,102 ని 0.9 తో భాగిస్తే 1,224. కే పోయింది, ఎల్ వచ్చింది.

వేడివేడి_వెంట్
ఒక ముఖ్యమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. నాగావళి గారు 43,200 వాడారు. అది కారినది పారిపోయే చోట మాత్రమే. రణస్థలం గారూ, వాన పడితే మీ డైకులో, అంటే డ్రమ్ము చుట్టూ కట్టిన గట్టు లోపల, నీళ్లు నిలుస్తాయా?

రణస్థలం_రీబాయిలర్
నిలుస్తాయి. డ్రమ్ము కిందే.

వేడివేడి_వెంట్
నీళ్లు నిలిచే చోట సాల్వెంటూ నిలుస్తుంది, అక్కడే మండుతుంది. అప్పుడు గుణకం 70,900. వేడి 664 కాదు, 1,090 కిలోవాట్లు. డిస్కు లేకుండానే 1,809 అవుతుంది, ఎల్ ఓరిఫీస్ 1,841 కి అంచు దాకా. డిస్కు కూడా పెడితే 2,010, ఎమ్ కావాలి. ఒక మేస్త్రిని పిలిచి డైకు నేలకు వాలు తీయించి, కారినది దూరంగా ఒక గుంటలోకి పోయేలా చేస్తే ఒక అక్షరం దిగివస్తుంది. ఈ చర్చలో ఇప్పటిదాకా జరిగిన వాదాలన్నిటికన్నా ఆ వాలుకే ఎక్కువ విలువ.

నాగావళి_గట్టు
ఒప్పుకుంటున్నాను. నేను "ఉంటే" అని రాసి ముందుకు వెళ్లాను, అడిగి ఉండవలసింది.

అరసవల్లి_ఎండ
వర్షాకాలంలో ఆ వాలు ఎటుందో నేనూ చూశాను, మా ఇంటి వైపే ఉంటుంది.

విజయనగరం_విసిల్
చుట్టుకట్టు వేస్తే వేడి తగ్గుతుందని మా కాంట్రాక్టరు చెప్పారు. గుణకం 0.3 పెట్టి చూపించారు.

వేడివేడి_వెంట్
పైన అల్యూమినియం రేకు చుడతారు కదా? అది 660 డిగ్రీలకే కరుగుతుంది. రేకు పోయాక గొట్టపు నీళ్ల ధాటికి ఉన్ని ఊడిపోతుంది. మంటలోనూ, నీటి ధారలోనూ నిలిచే చుట్టుకట్టుకే ఆ తగ్గింపు. స్టెయిన్‌లెస్ రేకు, స్టెయిన్‌లెస్ పట్టీలు ఉంటేనే మాట్లాడండి. లేకపోతే 1.

ఇంకొకటి. వాల్వు ఎంత పెద్దదైనా ద్రవం తాకని పైభాగాన్ని కాపాడదు. అక్కడ ఉక్కు 600 డిగ్రీల దగ్గరికి చేరితే 7 బార్‌కే చిరిగిపోవచ్చు. పైనుంచి నీళ్లు చల్లే ఏర్పాటు ఉందా చూడండి.

విజయనగరం_విసిల్
మంట గురించే చెబుతున్నారు. మా వైపు నిజంగా జరిగినది కరెంటు పోవడం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబర్‌లో పలాస వైపు తిత్లీ. కరెంటు పోతే చల్లటి నీళ్ల పంపులు ఆగుతాయి, కండెన్సర్లన్నీ ఒకేసారి ఆగుతాయి. స్టీము వాల్వు తెరిచే ఉండిపోతే కాలమ్‌లు మరుగుతూనే ఉంటాయి. అన్ని రిలీఫ్ వాల్వులూ ఒకే హెడర్‌లోకి ఒకేసారి ఊదుతాయి. ఒక్కో వాల్వు విడిగా లెక్క సరిపోయినా, హెడర్‌లో పీడనం పెరిగి అన్నీ కుంటుతాయి. మామూలు వాల్వు వెనక పీడనం సెట్ ప్రెషర్‌లో 10 శాతం దాటకూడదు. బెలోస్ (వెనక పీడనం ప్రభావం తగ్గించే ముడతల గొట్టం) ఉన్న వాల్వు అయితే ఇంకొంత భరిస్తుంది, దానికీ తగ్గింపు గుణకం వేయాలి.

బొబ్బిలి_బెలోస్
ఎట్టకేలకు నా పేరు ఒక పనికొచ్చింది.

పలాస_జీడిపిక్క
మా వైపు సాల్వెంట్లు లేవు, జీడిపప్పు కాల్చే బట్టీలే ఉన్నాయి. అయినా ఈ చర్చ వదలకుండా చదువుతున్నాను. విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో 2020 మే 7న జరిగిన విషవాయువు లీకుకు ఈ లెక్క పనికొచ్చేదా?

తోటపల్లి_ఫ్లాష్
పనికిరాదు. అక్కడ ఉన్నది స్టైరీన్. నిల్వలో తనంతట తానే గొలుసు కట్టి వేడి పుట్టించే పదార్థం, ఆ వేడి ఇంకా వేగం పెంచుతుంది. మంట సూత్రంలో వేడి బయటినుంచి, వైశాల్యాన్ని బట్టి వస్తుంది. అక్కడ లోపలినుంచి, ఉష్ణోగ్రతను బట్టి పుడుతుంది. అలాంటి వాటికి చిన్న పాత్రలో చర్యను నడిపి, వేడెక్కే వేగం కొలిచాకే సైజు తేల్చాలి. నిల్వ ట్యాంకును చల్లగా ఉంచడం, గొలుసు కట్టకుండా ఆపే నిరోధకం మోతాదు చూడడం వాల్వు కన్నా ముందుండే పనులు.

చీపురుపల్లి_చాటర్
రణస్థలం గారూ, ఆ మడ్డిలో అలా గొలుసు కట్టేదేమైనా ఉందా? మందుల కంపెనీల మడ్డి అంటే నాకు హెక్సేన్ కన్నా దానిమీదే భయం.

రణస్థలం_రీబాయిలర్
మంచి ప్రశ్న. పరిశోధన విభాగం వారిని అడుగుతాను. ఆ జవాబు వచ్చేదాకా డేటాషీటు పంపను.

డైకు నేల వాలుకు మేస్త్రి పని సివిల్ వారికి రాశాను. అది పూర్తయితే డిస్కుతో కలిపి ఎల్. గుప్తోష్ణం గడిలో 263, అణుభారం 86, ఉష్ణోగ్రత 147, "మొత్తం హెక్సేన్ అనుకుని" అని పక్కన రాస్తాను. సగటు అడిగితే ఈ చర్చ చూపిస్తాను. మూడు అంగుళాల నాజిల్ మీద ఎల్ దొరుకుతుందా?

నాగావళి_గట్టు
3 ఎల్ 4 అని దొరుకుతుంది, ఇన్లెట్ మూడు అంగుళాలు, అవుట్‌లెట్ నాలుగు. కానీ ఇన్లెట్ లైనులో పీడన నష్టం సెట్ ప్రెషర్‌లో 3 శాతం లోపు ఉండాలి. నీకు కావలసిన 9,090 కిలోలతో చూడకు, ఎల్ పూర్తిగా తెరుచుకుంటే ఎంత పోతుందో దానితో చూడు. మధ్యలో డిస్కు నిరోధం కూడా అందులోకే వస్తుంది. అంత పెద్ద వాల్వుకు మూడు అంగుళాల గొట్టం, ఒక మోచేయి, ఒక డిస్కు అంటే నాకు అనుమానమే. 4 ఎల్ 6 పెట్టి నాజిల్ మార్చవలసి రావచ్చు.

చీపురుపల్లి_చాటర్
నాజిల్ మార్చుకోవచ్చని మొదటే చెప్పాను!

నాగావళి_గట్టు
చెప్పారు, ఎన్ ఓరిఫీస్ కోసం.

వేడివేడి_వెంట్
డిస్కుకు, వాల్వుకు మధ్య ఖాళీలో ప్రెషర్ గేజి పెట్టించండి. డిస్కుకు సూది రంధ్రం పడితే ఆ ఖాళీలో పీడనం చేరుతుంది, అప్పుడు డిస్కు పగలవలసిన పీడనంలో పగలదు. గేజి పెట్టి వదిలేయడం కాదు, రౌండ్ కాగితంలో దానికి ఒక గడి ఉండాలి. అవుట్‌లెట్ గొట్టం ఎటు తిరిగి ఉంది? హెక్సేన్ ఆవిరి గాలి కన్నా మూడు రెట్లు బరువు, కిందికే దిగుతుంది.

రణస్థలం_రీబాయిలర్
షెడ్డు పక్కకు, కిందికి వంచి ఉంది. వాన నీళ్లు పోకూడదని.

వేడివేడి_వెంట్
దాన్ని నిటారుగా పైకి తిప్పించండి. అడుగున చిన్న డ్రెయిన్ రంధ్రం పెడితే వాన నీళ్లు పోతాయి. ఆ షెడ్డులో వెల్డింగ్ చేస్తారా?

రణస్థలం_రీబాయిలర్
చేస్తారు. రేపటినుంచి చేయరు.